మేం తిన్నగా వేసిన బొమ్మ

సినిమా హాల్లో మేనేజరు ఉద్యోగం అంటే టికెట్లు చించడం, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడటం, తాగొచ్చినవాణ్ణి బయటికి నెట్టించడం అనుకుని వస్తారు కుర్రాళ్ళు. అవి ఎవరైనా చేస్తారు. అసలు పని ఆట వదిలాక మొదలవుతుంది. గేటు పక్కన నిలబడి, బయటికొచ్చే జనం మొహాలు చూసి, ఆ నలుగురినీ ఈ నలుగురినీ పలకరించి, బొమ్మ ఎలా ఉందో తెలుసుకోవాలి. దాన్ని మా లైన్లో ‘టాక్’ అంటారు. డెబ్బయ్యవ దశకంలో నేను తిరువూరులో మేనేజరుగా ఉన్నప్పుడు, శుక్రవారం కొత్త బొమ్మ పడితే బెజవాడలోని డిస్ట్రిబ్యూటరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేది. ‘టాక్ ఏంటయ్యా?’ అన్నది ఒక్కటే ప్రశ్న. నేను ఏం చెబితే అది ఆ బొమ్మ జాతకం.

నాకు ఆ పనిలో మంచి పేరుంది. నా టాక్ తప్పదని బెజవాడలో కూడా అనేవారు. ఇప్పుడు ఈ లైన్లోకి వస్తున్న మా బంధువుల పిల్లలు ఇద్దరు ముగ్గురు ‘మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి’ అంటే, గొప్పలన్నీ రాద్దామని కూర్చున్నాను. రాయబోతే ఒక్క వారమే గుర్తొస్తోంది. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పనికొచ్చేది ఏదన్నా ఉంటే అందులోనే ఉంది కాబట్టి అదే రాస్తున్నాను.

రీళ్ళు ఎత్తెయ్యడం

ముందు మా హాళ్ళలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. లేకపోతే మేం చేసింది మీకు పిచ్చి పనిలా కనిపిస్తుంది.

సినిమా పెద్ద రేకు పెట్టెలో, రీళ్ళు రీళ్ళుగా, బస్సు టాపు మీద వచ్చేది. ఒక్కో రీలూ పది నిమిషాలు నడుస్తుంది. మా జనంలో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఆట ఆలస్యమైతే గంపలగూడెం వైపు వెళ్ళే ఆఖరి బస్సు పోతుంది. బస్సు పోయేట్టుంటే కథ మధ్యలో లేచి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అందుకని మా ఆపరేటరు కోటయ్య పాటో, ఏడుపు సీనో, ఏదో ఒకటి ఎత్తేసి ఆట టైముకి ముగించేవాడు. ఇది దొంగతనమని మాకెవరికీ అనిపించలేదు. వంటావిడ ఉప్పు సరిచూసుకున్నట్టు మేం బొమ్మ సరిచూసుకునేవాళ్ళం. మా హాలు యజమాని చలపతి గారు మామిడి తోటల ఆసామి. ఆయన సినిమా చూడగా నేనెప్పుడూ చూడలేదు. బయట వరండాలో పడక్కుర్చీ వేసుకుని లోపలి చప్పుడు వినేవారు. చప్పట్లు వినపడితే బొమ్మ మంచిది, వినపడకపోతే చెడ్డది. అంతకుమించి ఆయనకి అక్కర్లేదు, నాకూ అక్కర్లేదని నేర్పింది ఆయనే.

శుక్రవారం టాక్

ఆ బొమ్మ పేరు చెప్పను. డబ్బింగ్ బొమ్మ. పోస్టర్లో ఒక మగవాడి కళ్ళు మాత్రం ఉండేవి. భార్యని అనుమానించే భర్త కథ. అయితే కథంతా చివర్నుంచి మొదటికి నడుస్తుంది. మొదటి రీల్లోనే భర్త పోలీస్ స్టేషన్లో కూర్చుని, ‘నేను చేసింది తప్పా? నా స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళు?’ అని అడుగుతూ ఉంటాడు. భార్యని చంపేశాడు. రెండో రీల్లో ఆ చంపడం. మూడో రీల్లో అంతకు ముందురోజు. అలా ప్రతి రీలూ కొంచెం వెనక్కి పోతుంది. ఆవిడ చెప్పకుండా ఎక్కడికో వెళుతుంది, ఎవరో పెద్దమనిషితో గుసగుసగా మాట్లాడుతుంది, డబ్బాలో ఏదో దాస్తుంది. చూసేవాళ్ళకి కూడా ఆవిడ మీద అనుమానమే వస్తుంది. ఆఖరి రీలుకి వచ్చేసరికి తెలుస్తుంది, ఆ పెద్దమనిషి డాక్టరని. భర్త మనసు స్థిమితంగా లేదని పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ కనిపెట్టి, ఆయన నలుగురిలో పలచనవకూడదని చాటుగా మందులు తెచ్చి అన్నంలో కలుపుతుంటుంది. డబ్బాలో దాచింది ఆ మందులే. పక్కింటావిడ ‘మీ ఆయన అదోలా ఉన్నాడేంటి?’ అని అడిగితే, నవ్వుతూ ‘ఆయనకేం, బంగారం’ అంటుంది. అక్కడ బొమ్మ అయిపోతుంది.

శుక్రవారం ఫస్ట్ షో వదిలాక గేటు దగ్గర నిలబడ్డాను. ముందు వచ్చింది నెమలి అనే ఊరి నుంచి బండి కట్టించుకొచ్చిన ఒక రైతు. మండిపడుతున్నాడు.

“చచ్చిపోయిన మనిషి మళ్ళీ లేచొచ్చి అన్నం వడ్డిస్తుందేంటయ్యా? మీ ఆపరేటరు గాని తాగాడా?”

“లేదండీ, బొమ్మే అంత.”

“బొమ్మ అంతయితే మాకెందుకు చూపించడం?”

సెంటర్లో కాఫీ హోటలు నడిపే ఆయన, “ముందే చంపేసి చూపిస్తే ఇంక కూర్చోవడం దేనికండీ? ఇడ్లీ తినేశాక ఆకలి గురించి చెప్పినట్టుంది” అన్నాడు. కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు, “సార్, రేపు ఇంటర్వెల్ నుంచి చూసి, తర్వాత మొదటి సగం చూస్తాం. టికెట్టు ఒక్కటే తీసుకుంటారా?” అని నన్ను ఆటపట్టించారు. ఒక పెద్దాయన రీళ్ళు తారుమారయ్యాయనీ, టికెట్టు డబ్బులు వాపసు కావాలనీ గొడవకి దిగాడు.

వీళ్ళు పదిమంది ఉంటారు. మిగతా జనం ఏమీ అనలేదు. తలొంచుకుని బయటికొచ్చి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. బెంచీల వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొందరు పైట చెంగుతో మొహం తుడుచుకున్నారు. మామూలుగా సెంటర్ దాకా గోల చేసుకుంటూ పోయే జనం ఆరోజు అడుగుల చప్పుడు తప్ప ఇంకేం లేకుండా పోయారు. అది నేను చూశాను. చూసి, చప్పుడు లేదు కాబట్టి బొమ్మ పోయిందనుకున్నాను. బెజవాడకి అదే చెప్పాను.

అరిచినవాడి మాట చెవిన పడుతుంది, అరవనివాడి మాట మనం వెళ్ళి అడగాలి. నేను ఆ అడగడం ఎగ్గొట్టాను. ఈ ఉద్యోగంలో తిండి పెట్టేదే ఆ అడగడం.

అడగకుండానే చెప్పింది ఒక్కరే, సుగుణ టీచరు గారు. వినగడప బడిలో పంతులమ్మ. కాపురం తిరువూరులోనే, రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. భర్త ప్రకాశం గారు పత్తి కొట్లో గుమస్తా. ప్రతి సాయంత్రం సైకిలేసుకుని బస్టాండుకొచ్చి, ఆవిడ బస్సు దిగేదాకా నిలబడి, వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ‘పెళ్ళాం అంటే అంత ప్రేమ ఉండాలిరా’ అని బస్టాండులో అందరం మెచ్చుకునేవాళ్ళం. బస్సు దిగగానే ఆవిడ పక్కన ఎవరు కూర్చున్నారని కండక్టర్ని అడిగేవాడని నాకు చాలా తర్వాత తెలిసింది.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక ఆవిడ, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి మ్యాట్నీకి వచ్చారు. వదిలాక ఆ ఇద్దరూ ముందుకెళ్ళిపోతే ఆవిడ మాత్రం నా దగ్గర ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సార్, ఈ బొమ్మ రేపు కూడా ఉంటుందాండి?”

“గురువారం దాకా ఉంటుందమ్మా. నచ్చిందా?”

“నచ్చడం కాదండీ. మావారికి చూపించాలి. రేపు చర్చి అయ్యాక మ్యాట్నీకి తీసుకొస్తాను. కచ్చితంగా ఉంటుంది కదా?”

ఉంటుందని చెప్పాను. ఒక్క టీచరమ్మకి నచ్చినంత మాత్రాన హాలు నిండదులే అని మనసులో అనుకున్నాను.

మా మరమ్మతు

శనివారం సాయంత్రం చలపతి గారు పడక్కుర్చీలోంచి లేచి నన్ను పిలిచారు.

“ఏమయ్యా, లోపల మనుషులున్నారా, లేరా? రెండ్రోజుల్నించి చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు.”

బొమ్మ తిరగేసి ఉందనీ, జనానికి ఎక్కడం లేదనీ చెప్పాను. ఆయన ఆలోచించనైనా ఆలోచించలేదు. “తిరగేసుంటే తిన్నగా వెయ్యండి. రీళ్ళు మన చేతుల్లోనే ఉన్నాయిగా?” అన్నారు.

ఆ క్షణంలో ఆయన నాకు మహా తెలివైనవాడిలా కనిపించారు. కోటయ్య కూడా ఉత్సాహపడిపోయాడు. ఆఖరి రీలు మొదటా, మొదటి రీలు ఆఖరా పెట్టాడు. పేర్లు పడే ముక్క కోసి ముందుకి అతికించాడు. శనివారం ఫస్ట్ షో అలా నడిపాం. జనం ఆవలించారు. ఎందుకంటే మొదటి పది నిమిషాల్లోనే డాక్టరు సంగతి, మందుల సంగతి తెలిసిపోయింది. ఆవిడ మంచిదని తెలిశాక ఇంక అనుమానం ఏముంది, సస్పెన్స్ ఏముంది?

అప్పుడు ఆ డాక్టరు రీలు ఎత్తెయ్యమన్నది చలపతి గారు కాదు, కోటయ్య కాదు. నేను. ఆ రీలు లేకపోతే సస్పెన్స్ బాగుంటుంది, బస్సు టైముకి ఆట కూడా ముగుస్తుంది అన్నాను. నా బుర్రకి నేనే మురిసిపోయాను. మేం కోసేసింది ఏమిటో అప్పుడు నాకు తట్టలేదు. ఆ రీలు పోతే ఇంక ఆ బొమ్మలో భార్య తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. మొదట్నించీ చివరిదాకా భర్త చూపే మిగిలింది.

ఆదివారం మ్యాట్నీ

ఆదివారం హాలు దద్దరిల్లింది. భార్య చాటుగా బయటికెళుతుంటే నేల టికెట్ల వాళ్ళు ‘వెనకాలే పోరా’ అని భర్తకి సలహాలిచ్చారు. డబ్బా దాస్తుంటే ఈలలు. చలపతి గారు వరండాలో కాలు మీద కాలేసుకుని నా వైపు చూసి తలాడించారు. జీతానికి కుదిరిన నాలాంటివాడికి ఆ తలాడింపు చాలా పెద్దది.

సుగుణ గారు భర్తని తీసుకొచ్చింది. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. ఇంటర్వెల్లో ఆయన సోడా తాగుతుంటే ఆవిడ గబగబా నా గదికి వచ్చింది.

“సార్, నిన్న ఇలా లేదండీ. మొదటినుంచీ వేస్తున్నారేంటి?”

“అవునమ్మా. అర్థం కావడం లేదన్నారు జనం. తిన్నగా వేస్తున్నాం.”

“మరి డాక్టరు గారి దగ్గరికెళ్ళేది ముందు రావాలి కదండీ? రాలేదు.”

ఎత్తేశామని చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్పి ఉంటే ఆవిడ అప్పుడే ఆయన్ని లేవదీసి ఇంటికి తీసుకెళ్ళిపోయేది. కానీ హాలు మంచి ఊపు మీద ఉంది, ఆవిడకి సంజాయిషీ ఇచ్చుకోవడం నాకు చిరాకనిపించింది.

“వస్తుందమ్మా, చివర్న పెట్టాం. కూర్చోండి” అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. వెళ్ళి కూర్చుంది. ఆ అబద్ధం ఆడటానికి నాకు ఊపిరి తీసుకున్నంత కష్టం కూడా కాలేదు.

భర్త భార్య గొంతు పట్టుకున్నప్పుడు నేలలోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఆఖరికి పోలీస్ స్టేషన్లో ‘నేను చేసింది తప్పా?’ అని అడిగితే హాలంతా ఒక్క గొంతుతో ‘కాదు’ అని అరిచింది. దాంతో దీపాలు వేశాం. నేను గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాను, టాక్ కోసం.

ప్రకాశం గారు నవ్వుతూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ ముభావంగా ఉండే మనిషి.

“మంచి బొమ్మ వేశారండీ. ఉన్నమాట చెప్పాడు. నేనెప్పుడూ సినిమాలకి రాను, మా ఆవిడే పట్టుబట్టి తీసుకొచ్చింది.”

ఆవిడ ఆయన వెనక నిలబడి హాల్లోకే చూస్తోంది. తెర మీద ఇంకా ఏదన్నా పడుతుందేమోనని చూస్తోంది. జనం తోసుకుంటుంటే కూడా కదల్లేదు. ఆయనే “పద” అని భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు ఇటు తిరిగింది. నా మొహంలోకి చూసింది. నేను పక్కకి చూశాను.

ఆ సాయంత్రం బెజవాడకి చెప్పిన టాక్‌లో ఆయన మాట కూడా చేర్చాను. సినిమాలే చూడని మనిషి కూడా మెచ్చుకున్నాడని చెప్పాను.

ఒక్క రీలు

సోమవారం పొద్దున హాలు ఊడిపిస్తుంటే సుగుణ గారు వచ్చింది. వినగడప బస్సు వదిలేసి మరీ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

“ఆ ముక్క మీ దగ్గరే ఉందా సార్, పంపించేశారా?”

ఉందన్నాను.

“దాన్నొక్కదాన్నీ ఆయనకి చూపించగలరా?”

అప్పుడు చెప్పింది. కొట్టడం లేదట, తిట్టడం కూడా లేదట. దిద్దడానికి తెచ్చుకున్న బడిపిల్లల పుస్తకాల్లో రాతలు చూసి కూడా ఎవరివని అడుగుతాడట. వంట చేస్తుంటే వెనక వచ్చి నిలబడతాడట. రాత్రుళ్ళు నిద్రపోడట.

“ఆయన చెడ్డవారు కాదండీ. ఆయనకి బాలేదు. బెజవాడలో ఇలాంటివి చూసే డాక్టరు ఉన్నారట. బొమ్మలో ఆవిడ చాటుగా వెళ్ళింది. నేను ఆయనకే చెప్పి తీసుకెళదామనుకున్నాను. నేను నోటితో చెబితే వినరు. పిచ్చివాణ్ణి చేస్తున్నావా అంటారు. ఆ బొమ్మ చూస్తే ఆయనకే తెలుస్తుంది, మనం పొరపాటు పడతాం అని. శనివారం నేనూ పొరబడ్డాను కదా సార్, ఆవిడ విషయంలో? ఆడదాన్నయ్యుండి నేనే పొరబడ్డాను. ఆయనా పొరబడి, చివర్న తెలుసుకుంటారనుకున్నాను.”

ఆ బొమ్మని తిరగేసి ఎందుకు తీశారో నాకు తెలిసింది అప్పుడే. తీసినవాళ్ళు చూసేవాళ్ళ చేత ముందు తప్పు చేయించి, ఆ తర్వాత సిగ్గుపడేలా చెయ్యాలనుకున్నారు. శుక్రవారం జనం తలొంచుకుని వెళ్ళింది అందుకే. నేను దాన్ని సరిచేశానని రెండ్రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

బుధవారం బడికీ కొట్టుకీ ఏదో సెలవొచ్చింది. శని, ఆదివారాలు తప్ప మాకు మధ్యాహ్నం ఆటలుండవు, హాలు ఖాళీ. చలపతి గారు తోటకి వెళ్ళారు. కోటయ్యని బతిమాలి ఆ రీలు ఎక్కించి ఉంచాను. సుగుణ గారు ఆయన్ని తీసుకొచ్చింది. ఏం చెప్పి తెచ్చిందో తెలియదు. ఖాళీ హాల్లో ఇద్దరూ కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పది నిమిషాలు. డాక్టరు, మందులు, పక్కింటావిడ, ‘ఆయనకేం, బంగారం’. ఆయన కదలకుండా చూశారు. ఒకచోట ముందుకి వంగితే పని జరిగిందనుకున్నాను.

దీపాలు వేశాక ఆయన లేచి నా దగ్గరికొచ్చారు. గొంతు చాలా మామూలుగా ఉంది.

“ఈ ముక్క ఆదివారం లేదే?”

“ఉందండీ. మేమే తీసేశాం, నిడివి ఎక్కువైందని.”

“తీసేసింది ఇవాళ ఎవరు పెట్టమన్నారు?”

నేను ఆవిడ వైపు చూశాను. నా జన్మలో అంత తెలివితక్కువగా ఎప్పుడూ చూడలేదు.

“మా ఆవిడా? ఎప్పుడొచ్చింది మీ దగ్గరికి?”

“సోమవారం పొద్దున అండీ. నిజంగా బొమ్మ అసలు ఇలాగే ఉందండీ, శనివారం ఆ టీచర్లు కూడా చూశారు, కావాలంటే అడగండి.”

“సోమవారం బస్సు చెడిపోయిందని చెప్పింది నాకు” అన్నారు. ఆవిడ వైపు తిరిగారు. “ఎన్నాళ్ళ పరిచయం ఈయన?”

 నేను ఏదేదో చెప్పాను. రీళ్ళ సంగతి, బస్సుల సంగతి, చలపతి గారి సంగతి. ఎంత చెబితే అంత అతుకులబొంతగా వినపడింది. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయనకి చూపించడానికే ఒక డాక్టర్ని పుట్టించి, ఒక రీలు తయారుచేసి, హాలు ఖాళీ చేయించి పిలిపించామని ఆయన నమ్మారు. ఆదివారం ఊరంతా చప్పట్లు కొట్టిన బొమ్మ నిజం. ఇద్దరం కలిసి చాటుగా చూపించిన ముక్క అబద్ధం. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. అలా అనుకునేట్టు చేసింది నేను.

ఆయన సైకిలు తాళం తియ్యడానికి ముందు వెళ్ళారు. ఆ కాసేపట్లో ఆవిడ నా పక్కనుంచి నడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

“నేను చూసిన రోజు కూడా ఈ ముక్క తీసేసే వేసి ఉండాల్సింది సార్. నేను ఆశపడేదాన్ని కాదు.”

సైకిలు వెనక కూర్చుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆయన సాయంత్రమే కాదు, పొద్దున కూడా బస్టాండుకి రావడం మొదలుపెట్టారు. ఆవిడ బస్సెక్కి కూర్చుని, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడేవారు. ‘ఎంత ప్రేమో’ అని ఎవరో అంటే నేను అక్కణ్ణించి లేచి వచ్చేశాను. ఏడాది తిరక్కుండా కాపురం ఎత్తేసి ఎటో వెళ్ళిపోయారు.

ఎటు వెళ్ళారో ఆవిడతో మ్యాట్నీకి వచ్చిన ఆ ఇద్దరు టీచర్లకి తెలుసు. రెండో ఆటకి వచ్చినప్పుడల్లా వాళ్ళు నాకు కనపడేవారు. సుగుణ గారు ఎలా ఉందని అడిగితే ఒక్క నిమిషం పట్టదు. నేను అడిగితే ఆ మాట తిరిగి తిరిగి ఆయన చెవిన పడుతుందనీ, ఆవిడకే చేటనీ నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది సాకు. ఎంతోమందిని గేటు దగ్గర ఆపి ఎలా ఉందండీ అని అడిగినవాణ్ణి, వాళ్ళేం చెబుతారోనని భయపడి, వాళ్ళు బయటికొచ్చే టైముకి గదిలోకెళ్ళి తలుపు వేసుకునేవాణ్ణి.